ప్రూట్ తరఫు ప్లీడరు

ఎల్మర్ కెర్టెస్‌తో ఏ సంగతి మొదలుపెట్టినా, అది ఎండల గురించైనా, మోకాళ్ళ నొప్పుల గురించైనా, పక్కింటి పిల్లి ఈనడం గురించైనా సరే, మూడో వాక్యానికల్లా ల్యాండిస్ ప్రూట్ దగ్గరికి వచ్చి ఆగేది. టొలీడో ఊళ్ళో, నదికి తూర్పు వైపున ఉండేవాళ్ళందరికీ ఈ విషయం తెలుసు. తెలిసీ పలకరించేవాళ్ళు కొందరు. తెలిసి, ఆయన ఎదురుగా వస్తుంటే రోడ్డు దాటి అవతలి వైపు నడిచేవాళ్ళు చాలామంది.

ప్రూట్ ఎవరంటే, టొలీడో టగ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో రెండో క్వార్టర్‌బ్యాక్. జట్టంతటికీ బంతి విసిరే మనిషి ఒక్కడే ఉంటాడు. వాడి కాలో చెయ్యో విరిగితే అక్కరకొస్తాడని ఇంకొకణ్ణి పక్కన బల్ల మీద కూర్చోబెట్టి జీతమిస్తారు. ఆ కూర్చునేవాడు ప్రూట్. నాలుగేళ్ళలో వాడు విసిరినవి పదకొండు బంతులు. అందులో రెండు మనవాళ్ళ చేతుల్లో పడ్డాయి. మూడు అవతలివాళ్ళ చేతుల్లో పడ్డాయి. ఒకటి బ్యాండు మేళంలో పెద్ద బాకా ఊదేవాడి బాకాలో పడింది. మిగతావి నేలకి దక్కాయి. ఈ సేవకి ఏడాదికి డెబ్బై లక్షల డాలర్లు.

ఒక ఆటగాణ్ణి ఇంకో జట్టుకి ఇచ్చేస్తే బదులుగా సాధారణంగా డబ్బివ్వరు, వంతులిస్తారు. ఏటా వసంతకాలంలో కాలేజీ కుర్రాళ్ళని జట్లు రౌండ్లవారీగా ఎంచుకుంటాయి కదా, ఆ వంతులు. మొదటి రౌండు వంతు దక్కితే ఊరంతా పండగ చేసుకుంటుంది. ఏడో రౌండు వంతు దక్కితే ఇంట్లో కూడా చెప్పుకోరు. ప్రూట్ కావాలంటే ఎవడైనా సరే రెండు మొదటి రౌండు వంతులు తెచ్చి టగ్స్ కాళ్ళ దగ్గర పెట్టాలనీ, అంతకి ఒక్క పిసరు తగ్గినా తలుపు మొహాన వేసెయ్యాలనీ ఎల్మర్ వాదించేవాడు. పైగా డెబ్బై లక్షలు చాలవనీ, కాంట్రాక్టు ఇంకో ఐదేళ్ళు పొడిగించి జీతం రెట్టింపు చెయ్యాలనీ అనేవాడు.

ఈ వాదనకి కోర్టు వెర్నా ఫార్కష్ బేకరీ. వెర్నాకి యాభై ఎనిమిదేళ్ళు. తల్లి చేతి మీదుగా వచ్చిన బేకరీ అది. కిటికీ పక్కన మూడు బల్లలు, గసగసాలూ అక్రోటు పప్పూ పెట్టి చుట్టిన రొట్టెలు, అడిగినా అడక్కపోయినా నింపే కాఫీ. పొద్దున్న ఏడున్నరకి ఎల్మర్ వచ్చి నడిమి బల్ల దగ్గర కూర్చునేవాడు. డెబ్బై ఒకటో ఏడు. సన్నగా, పొడుగ్గా, పోస్ట్‌మన్ ఉద్యోగంలో నడిచి నడిచి అరిగిపోయినట్టుండేవాడు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. ఎదురు కుర్చీలో హోబర్ట్ ట్యాండీ. ఆయనదీ అదే వయసు, కానీ నిర్మాణం వేరు. గాజు ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. చేతులు ఒక్కోటి రొట్టెల పెనమంత ఉండేవి. యాభై ఏళ్ళుగా టగ్స్ ఆడిన ప్రతి మ్యాచూ చూసినవాడు. ప్రూట్ పేరు వింటే చాలు, ఆయన మెడ కింది నుంచి పైకి ఎర్రబడుతూ పోయేది. అది చెవుల దాకా చేరేసరికి వెర్నా రెండో కప్పు కాఫీ పోసేది.

"నాలుగేళ్ళలో వాడు ఒక్క మ్యాచైనా ఓడిపోయాడా, చెప్పు" అనేవాడు ఎల్మర్.

"ఆడితే కదయ్యా ఓడిపోవడానికి."

"ఓడిపోయాడా, లేదా?"

"లేదు."

"వెర్నా, విన్నావుగా, నువ్వే సాక్షివి. ఓడిపోలేదని ఒప్పుకున్నాడు."

తరవాత మన్నిక గురించి వచ్చేది. మొదటి క్వార్టర్‌బ్యాక్ మోకాలికి రెండు ఆపరేషన్లయ్యాయి, భుజంలో ఇనుప మేకుంది, మరి ప్రూట్ ఒంటి మీద ఒక్క గీత ఉందా అని ఎల్మర్ నిలదీసేవాడు. బల్ల మీద కూర్చునేవాడికి గీతలెక్కణ్ణుంచి వస్తాయని హోబర్ట్ అనేవాడు. అదే తను చెప్పేదనీ, అది సీలు విప్పని సరుకనీ, సీలు విప్పని సరుకుకి ధర ఎక్కువుంటుందో తక్కువుంటుందో రొట్టెలమ్మే వెర్నానే చెప్పమనీ ఎల్మర్ తీర్పు ఆమె మీదకి తోసేవాడు. నాలుగేళ్ళ నాటి రొట్టె సీలు విప్పకపోయినా తను అమ్మనని వెర్నా చెప్పేది. హోబర్ట్ బల్ల మీద చరిచేవాడు. కప్పులు ఎగిరేవి.

హోబర్ట్ తరఫు బేరం ఎప్పుడూ ఆరో రౌండు వంతు దగ్గర మొదలయ్యేది. ముసురు పట్టిన రోజుల్లో, వెర్నా వేడి వేడి రొట్టె ముందు పెట్టాక, ఐదో రౌండు దాకా వచ్చేవాడు. ఎండ రాగానే వెనక్కి తీసుకునేవాడు. ఎల్మర్ మాత్రం మూడేళ్ళలో ఒక్క మెట్టు దిగలేదు.

బేకరీలో జరిగేది బేకరీలోనే ఆగి ఉంటే ఎవరికీ ఇబ్బంది లేకపోను. ఒకసారి ఎర్ర దీపం దాటినందుకు పోలీసాయన ఎల్మర్ కారు ఆపాడు. పావుగంటయ్యాక వెనక వస్తున్న ఇంకో పోలీసు, ఏదో గొడవ జరుగుతోందేమోనని తన బండి కూడా ఆపాడు. ఎల్మర్‌కి జరిమానా పడింది. పడితే పడింది కానీ, ఆ చీటీ వెనక ఇద్దరు పోలీసులూ చెరో ధరా రాసి సంతకాలు పెట్టారు. ఒకాయన నాలుగో రౌండన్నాడు, ఇంకొకాయన ప్రూట్‌ని ఎదురు డబ్బిచ్చి పంపించమన్నాడు. ఎల్మర్ ఆ చీటీ బేకరీకి తెచ్చి, పోలీసుల్లో కూడా ఏకాభిప్రాయం లేదు చూడమని హోబర్ట్‌కి చూపించాడు.

ఇంకోసారి చర్చిలో పాపాలు ఒప్పుకునే గదిలోకి వెళ్ళి, తన మనసులో పగలున్నాయని ఫాదర్ ఆంబ్రుష్‌తో చెప్పాడు. ఎవరి మీద నాయనా అని ఆయన జాలిగా అడిగారు. ప్రూట్‌కి ఆరో రౌండు చాలనేవాళ్ళ మీద అని ఎల్మర్ చెప్పాడు. తరవాత ఫాదర్ ప్రాయశ్చిత్తంగా పది ప్రార్థనలు విధించి, గొంతు తగ్గించి, మూడో రౌండైతే తను కూడా పెద్దగా అడ్డు చెప్పనన్నారట. ఎల్మర్ లేచి వచ్చేసరికి బయట పాపులు పదకొండు మంది క్యూలో నిలబడి ఉన్నారు.

రేడియో సంగతి ఊరంతటికీ తెలిసిందే. సాయంత్రం ఆటల కార్యక్రమం ఒకటి వచ్చేది, జనం ఫోన్లు చేసి మాట్లాడేవాళ్ళు. ఎల్మర్ ఫోన్లు ఆరు నెలలు భరించాక ఆ కార్యక్రమం నడిపే పెద్దమనిషి ప్రూట్ అనే పేరుని నిషేధించాడు. మర్నాటి నుంచి ఈడిత్ అనే ముసలమ్మ ఫోన్ చెయ్యడం మొదలుపెట్టింది. గొంతు సన్నగా వణుకుతూ ఉండేది. తనకి ఆట గురించి ఏమీ తెలీదని, ఊరికే అడుగుతున్నానని, రెండో క్వార్టర్‌బ్యాక్‌ని తక్కువ ధరకిచ్చేస్తే జట్టుకి వచ్చే నష్టమేమిటో, ఎక్కువ ధర అడిగితే వచ్చే లాభమేమిటో కాస్త వివరంగా, నిదానంగా, రాసుకోవడానికి వీలుగా చెప్పమనీ అడిగేది. నాలుగోసారి ఈడిత్‌కి దగ్గొచ్చింది. ఆ దగ్గు బావిలో బకెట్టు పడ్డట్టుంది.

"ఈడిత్ గారూ, మీరు ఈ మధ్య మీసం గీయించుకున్నారా?" అని అడిగాడు రేడియో ఆయన.

"లేదండీ" అంది ఈడిత్. తరవాత ఫోన్ పెట్టేసింది.

ఇలా మూడేళ్ళు గడిచాయి. నాలుగో ఏడు అక్టోబరులో, ఒక గురువారం, టగ్స్ మొదటి క్వార్టర్‌బ్యాక్ ఇంట్లో ఊరగాయ సీసా మూత తిప్పబోయి బొటనవేలు విరగ్గొట్టుకున్నాడు. మోకాళ్ళూ భుజమూ కాచుకున్నంత జాగ్రత్తగా బొటనవేలిని కాచుకోలేదు పాపం. ఆదివారం ఒమాహా జట్టుతో మ్యాచ్. విసరాల్సింది ప్రూట్.

శుక్రవారం పొద్దున బేకరీ కిటకిటలాడింది. పదిహేనేళ్ళుగా మొహం చూపించనివాళ్ళు కూడా వచ్చి రొట్టెలు కొన్నారు. మూడేళ్ళ వ్యాజ్యానికి ఆదివారం తీర్పు రాబోతోందని అందరికీ ఉత్సాహం. వెర్నా తన ఇంట్లో ఉన్న పెద్ద టీవీ బేకరీకి తెప్పిస్తానంది. హోబర్ట్ చేతులు నలుపుకుంటూ, ఆదివారం సాయంత్రానికి ప్రూట్ విలువ ఒక డజను రొట్టెలని తేలిపోతుందన్నాడు.

ఎల్మర్ మాత్రం పాలిపోయి కూర్చున్నాడు. కాసేపటికి దవడ పట్టుకుని, పన్ను సలుపుతోందనీ, ఆదివారం రాలేననీ చెప్పి రొట్టె సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. ఆయన రొట్టె వదలడం వెర్నా అంతవరకు చూడలేదు.

ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్ మొదలవడానికి గంట ముందు, మెత్తగా ఉంటుందని గసగసాల రొట్టె ఒకటి కట్టుకుని వెర్నా ఆయన ఇంటికి వెళ్ళింది. తలుపు తీసే ఉంది. ఎల్మర్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆపిల్ కొరుకుతున్నాడు. పంటి నొప్పి ఉన్నవాడు ఆపిల్ కొరకడన్న సంగతి వెర్నా చూపులో కనిపించి, ఆ పండుని మెల్లిగా న్యూస్‌పేపరు కిందికి తోశాడు. బల్ల నిండా ఆటల పేజీలే. అన్నిట్లోనూ ఎర్ర పెన్సిలు గీతలు. మధ్యలో ఒక కాపీ పుస్తకం తెరిచి ఉంది. వెర్నా అందులోకి తొంగి చూసింది. గుండ్రటి పోస్టాఫీసు రాతలో ఇలా ఉంది: "ఇంటర్‌సెప్షన్: బంతి అవతలివాళ్ళు పట్టుకోవడం. మనకి మంచిది కాదు. (కనుక్కోవాలి.)" దాని కింద, "గజాలు: ఎక్కువుంటే మంచిది. ఎందుకు?"

వెర్నా ఇల్లంతా కలయజూసింది. టీవీ లేదు.

"ఎల్మర్ గారూ, మీరు మ్యాచ్‌లు ఎక్కడ చూస్తారు?"

"చూడను."

"అసలు ఎప్పుడైనా చూశారా?"

ఎల్మర్ సిగ్గుపడ్డాడు. "టీవీ ఉన్న రోజుల్లో ఒకసారి మొదలుపెట్టానమ్మా. అందరూ ఒకడి మీద ఒకడు పడిపోయారు. ఏదో ప్రమాదం జరిగిందనుకుని కట్టేశాను."

అప్పుడు మెల్లిగా అసలు కథ బయటికొచ్చింది. హోబర్ట్ ఉండే వీధిలో ఎల్మర్ ఇరవై ఆరేళ్ళు ఉత్తరాలు పంచాడు. హోబర్ట్ భార్య లూయెల్లా రోజూ గుమ్మంలోకొచ్చి ఆయనతో నాలుగు మాటలు మాట్లాడేది. చలికాలంలో జేబులో వేడి వేడి బంగాళాదుంప పెట్టి పంపేది, చేతులు కొంకర్లు పోకుండా. ఆమె పోయాక, అప్పటికి రిటైరైనా పాత అలవాటుకొద్దీ ఆ వీధిలో నడుస్తున్న ఎల్మర్‌కి హోబర్ట్ ఇంటి ముందు ఉత్తరాల డబ్బా కనిపించింది. నిండిపోయి మూత పడటంలేదు. తొమ్మిది రోజులు అలాగే ఉంది. పదో రోజు హోబర్ట్ ఇంట్లోంచి బయటికొచ్చి బేకరీకి వెళ్తుంటే ఎల్మర్ వెనకే వెళ్ళాడు.

ఆ రోజులు వెర్నాకి బాగా గుర్తున్నాయి. హోబర్ట్ వచ్చి కిటికీ వైపు మొహం పెట్టి కూర్చునేవాడు. కాఫీ చల్లారిపోయేది. డబ్బులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవాడు. రెండు నెలల్లో ఆయన నోటి నుంచి ఒక్క మాట రాలేదు. ఎల్మర్ ఎదురుగా కూర్చుని వాతావరణం ఎత్తాడు, పన్నులెత్తాడు, చేపలెత్తాడు, ఎన్నికలెత్తాడు. గోడతో మాట్లాడినట్టే ఉంది.

"ఆ రోజు నీ బల్ల మీద పేపరుందమ్మా" అన్నాడు ఎల్మర్. "ఒక కుర్రాడి బొమ్మ ఉంది. కింద ఏదో రాశారు, మార్పిడి అనీ, రౌండ్లనీ. ఏమీ అర్థం కాలేదు. నోటికొచ్చింది అనేశాను, ఈ అబ్బాయి రెండు మొదటి రౌండ్లు చేస్తాడని. హోబర్ట్ కప్పు కింద పెట్టాడు. నలభై నిమిషాలు తిట్టాడు. మొహంలోకి రక్తం వచ్చింది. మర్నాడు నువ్వు తలుపు తియ్యకముందే వచ్చి నిలబడ్డాడు, ఇంకో నాలుగు మాటలు మిగిలిపోయాయని."

ఈడిత్ ఎందుకు ఫోన్ చేసేదో వెర్నాకి ఇప్పుడర్థమైంది. మర్నాటి వాదనకి సరుకు కావాలిగా.

"ఇవాళ ఆ కుర్రాడు బాగా ఆడితే హోబర్ట్ ఓడిపోతాడు. ఆడకపోతే నేను ఓడిపోతాను" అన్నాడు ఎల్మర్. "ఎలాగైనా రేపటి నుంచి మాట్లాడుకోవడానికేం ఉండదు. పైగా నేను పక్కన కూర్చుంటే నాకు ఆట తెలీదని ఐదు నిమిషాల్లో పట్టేస్తాడు. పట్టేశాడంటే ఇంక ఏ మాట అన్నా ఆయనకి కోపం రాదు."

మ్యాచ్ చూడ్డానికి రాకపోతే ఇంకా అనుమానమొస్తుందని వెర్నా చెప్పింది. తను కౌంటరు వెనక నిలబడి సైగలు చేస్తానంది. తెల్ల తువ్వాలు ఎత్తితే సంతోషించాలి. ఏప్రన్ అంచు పట్టుకుంటే బాధపడాలి. రెండూ లేకపోతే కాఫీ తాగుతూ ఉండాలి. ఎల్మర్ దాన్ని కాపీ పుస్తకంలో రాసుకోబోతే వెర్నా పెన్సిలు లాక్కుంది.

బేకరీలో నలభై మంది కూర్చున్నారు. హోబర్ట్ తన పక్క కుర్చీ ఎల్మర్ కోసం ఆపి ఉంచాడు. మ్యాచ్ మొదలైంది. ప్రూట్ మొదటి బంతి విసిరాడు, ఎదుటి జట్టువాడికి నేరుగా, అప్పగింతలు చేసినట్టుగా. వెర్నా ఏప్రన్ పట్టుకుంది. ఎల్మర్ రెండు చేతుల్తో తల పట్టుకుని అమ్మో అన్నాడు. బాగానే ఉంది. రెండో బంతి సొంత జట్టువాడి హెల్మెట్‌కి తగిలి గాల్లోకి లేచి, వెనక పరిగెత్తుతున్న ఇంకొకడి చేతుల్లో పడింది, వాడు మైదానం చివరి గీత దాటేసి టగ్స్ ఖాతాలో పాయింట్లు వేశాడు. తువ్వాలు లేచింది. ఎల్మర్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. మనుషుల్ని గురి చూసి కొట్టడం కూడా ఒక విద్యేనని హోబర్ట్‌తో అన్నాడు.

ఆట మూడో భాగంలో చిక్కొచ్చింది. గంగాళంలాంటి మనిషి ఒకాయన కౌంటరు మీది కాఫీ కప్పు దొర్లించేశాడు. వెర్నా అలవాటు కొద్దీ తువ్వాలెత్తి కౌంటరు తుడవబోయింది. సరిగ్గా అప్పుడే ఒమాహావాళ్ళు గీత దాటారు. నలభై మంది మూలిగారు. ఆ మూలుగు మధ్య ఎల్మర్ ఒక్కడే కుర్చీ మీదికెక్కి, టోపీ గాల్లోకి విసిరి, భేషని అరిచాడు.

అందరూ ఆయన వంకే చూస్తున్నారు. హోబర్ట్ కూడా తల మెల్లిగా తిప్పి చూశాడు. వెర్నా తువ్వాలు వెనక దాచుకుంది.

ఎల్మర్ కుర్చీ దిగి, బట్టలు దులుపుకున్నాడు. "శత్రువు రెచ్చిపోతే గానీ మన ప్రూట్‌కి పౌరుషం రాదు" అన్నాడు.

హోబర్ట్ ఆయన్ని చాలాసేపు చూశాడు. "అదీ ఒక లెక్కే" అని మళ్ళీ టీవీ వైపు తిరిగాడు.

ప్రూట్‌కి పౌరుషం వచ్చిందో ఏమో గానీ, ఆ రోజు వాడు ఆడిన ఆటకి ఏ పేరు పెట్టాలో ఎవరికీ తెలియలేదు. మూడుసార్లు అద్భుతంగా విసిరాడు, మూడుసార్లు శత్రువుకి విసిరాడు. ఒకసారి తనే బంతితో పరిగెత్తి, గీతకి గజం దూరంలో బూటు ఊడిపోయి, బూటు కోసం వెనక్కి వచ్చాడు. చివరికి ఇరవై నాలుగూ ఇరవై నాలుగూ. అదనపు సమయంలో కూడా తేలలేదు. మ్యాచ్ సమమైపోయింది. ఏళ్ళ తరబడి టగ్స్‌కి అలా జరగలేదు. బేకరీలోవాళ్ళు ఎవరూ గెలవలేదని తేల్చుకుని, ఎవరికి నచ్చిన తీర్పు వాళ్ళు పట్టుకుని ఇళ్ళకి పోయారు. ఎల్మర్ అందరికంటే ముందు జారుకున్నాడు, పంటి నొప్పి తిరగబెట్టిందని.

కుర్చీలు సర్దడానికి హోబర్ట్ ఉండిపోయాడు. నాలుగు కుర్చీలు ఒకేసారి ఎత్తి పక్కన పెట్టి, ఆయన మామూలు గొంతుతో అన్నాడు:

"ఇంకోసారి తువ్వాలుతో కౌంటరు తుడవకమ్మా. గుండాగినంత పనైంది."

వెర్నా చేతిలో ట్రే కౌంటరు మీద పెట్టేసింది. "మీకు తెలుసా?"

"రెండో వారంలోనే తెలుసు. ప్రూట్ గోలు కూడా బాగా కాస్తాడన్నాడు. ఈ ఆటలో గోలు కాసేవాడెక్కడున్నాడు?" హోబర్ట్ ఇంకో కుర్చీ ఎత్తాడు. "ఇంట్లో ఎవరూ లేని మనిషి. పొద్దున్నే లేచి, పేపర్లు చదువుకుని, ఇంత ఉత్సాహంగా వస్తాడు. నీకేం తెలీదు పోవయ్యా అంటే రేపటి నుంచి ఎక్కడికెళ్తాడు? అందుకని ఆరో రౌండు దగ్గర గట్టిగా నిలబడ్డాను. అప్పుడప్పుడూ ఐదు దాకా వస్తుంటాను, మరీ నీరసపడిపోకుండా."

వెర్నాకి నవ్వూ ఇంకేదో కూడా ఒకేసారి వచ్చాయి. పిండి తేవాలని చెప్పి లోపలికెళ్ళి, పిండి బస్తాని కావలించుకుని నవ్వింది. ఎల్మర్ చెప్పిన సంగతి హోబర్ట్‌కి చెప్పలేదు. హోబర్ట్ చెప్పింది ఎల్మర్‌కి చెప్పలేదు. ఒకరి మీద ఒకరు జాలిపడుతూ మూడేళ్ళు పోట్లాడుకున్న మనుషుల మధ్య దూరడం ఆమెకి ఇష్టం లేకపోయింది.

తరవాతి ఆదివారం మ్యాచ్ సొంత ఊళ్ళోనే. బొటనవేలు ఇంకా అతకలేదు, కాబట్టి మళ్ళీ ప్రూటే. బుధవారం పొద్దున హోబర్ట్ గొంతు సవరించుకుని, తనకి స్టేడియంలో పక్కపక్క సీట్లు రెండున్నాయనీ, లూయెల్లా సీటు ఎవరికీ ఇవ్వలేదనీ, ఈమధ్య పక్క సీటాయన దానిలో తన కోటూ తిండి సంచీ పెడుతున్నాడనీ, తనకది నచ్చట్లేదనీ చెప్పాడు. ఎల్మర్ వెర్నా వంక చూశాడు. స్టేడియంలో తువ్వాలుండదు. వెర్నా తల ఊపింది, వెళ్ళమని.

ఆదివారం ఏం జరిగిందో వెర్నాకి తరవాత ఇద్దరూ విడివిడిగా చెప్పారు. కూర్చోగానే హోబర్ట్ ముందు సీట్లో ఉన్న ముసలావిడకి ఆట వివరించడం మొదలుపెట్టాడట, ఆవిడ అడక్కుండానే, ఎల్మర్‌కి బాగా వినపడేలా. ఇదిగో, నాలుగు అవకాశాలిస్తారు, ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకి జరగాలి, జరిగితే మళ్ళీ నాలుగిస్తారు. ఇప్పుడు వాడు విసురుతాడు, ఇప్పుడు వీడు పట్టుకోవాలి, అదిగో పట్టలేదు, ఇప్పుడు తన్నేస్తారు. ఇలా గంటన్నర. చివరికి ఆవిడ వెనక్కి తిరిగి, "అయ్యా, నేను నలభై ఏళ్ళుగా ఇదే సీట్లో కూర్చుంటున్నాను" అంది. హోబర్ట్ క్షమాపణ చెప్పి, అయినా ఒకసారి మళ్ళీ వింటే తప్పులేదని కొనసాగించాడు. ఎల్మర్ ముందుకి వంగి, నోరు తెరుచుకుని, కళ్ళార్పకుండా ఆట చూశాడు. మూడో భాగంలో ఒకసారి, ఎవరూ చెప్పకుండానే, అందరికంటే ముందు లేచి నిలబడ్డాడట. అది నిజంగా లేవాల్సిన చోటే.

సోమవారం ఏడున్నరకి ఇద్దరూ కలిసే వచ్చారు. కూర్చున్నారు. వెర్నా కాఫీ పోసింది. పక్క బల్లలవాళ్ళు మామూలుగా తలలు తిప్పుకున్నారు, ఇంక మొదలవుతుందని.

ఎల్మర్ చాలాసేపు కాఫీలోకి చూశాడు. ఆట చూసొచ్చిన మనిషి మొహం అది, బాగా ఆలోచించిన మొహం.

"హోబర్ట్" అన్నాడు. "నేను నిన్న జాగ్రత్తగా చూశాను. ఆ కుర్రాడు అటు చూసి ఇటు విసురుతున్నాడు. కాళ్ళు నిలకడగా ఉండవు. ఎదుటివాడు మీదికొస్తే కళ్ళు మూసుకుంటున్నాడు. ఆరో రౌండు. అదీ ఎవరైనా జాలిపడి ఇస్తే."

బేకరీలో ఎవరో చెంచా జారవిడిచారు. వెర్నా కాఫీ కూజా పట్టుకుని అక్కడే ఆగిపోయింది. మూడేళ్ళ వాదన అయిపోయింది. ఎదుటివాడు లొంగిపోయాడు, గెలిచిన హోబర్ట్‌కి ఇంక చెప్పడానికేమీ మిగల్లేదు. ఆయన కిటికీ వైపు చూశాడు. తరవాత ఆయన మెడ కింది నుంచి మెల్లిగా ఎర్రబడటం మొదలైంది.

"ఆరో రౌండా?" అన్నాడు హోబర్ట్. "ఏం, ఆ కుర్రాడికేం తక్కువ? ఒమాహా మీద మూడుసార్లు గీత దాటించింది ఎవరు, నువ్వా నేనా? ఇరవై ఏడేళ్ళవాడు. భుజం చూశావా? రెండు మొదటి రౌండ్లిస్తే తప్ప గుమ్మం దాటనివ్వకూడదు. కాంట్రాక్టు ఐదేళ్ళు కాదు, ఏడేళ్ళు పొడిగించాలి."

ఎల్మర్ కుర్చీలో వెనక్కి వాలి, ఆ పెద్ద మనిషిని పై నుంచి కింది దాకా చూశాడు. యాభై ఏళ్ళుగా ఒక్క మ్యాచ్ వదలని మనిషిని.

"హోబర్ట్, నిజం చెప్పు" అన్నాడు. "అసలు నీకీ ఆట తెలుసా?"